గోడ మీది నాచుకు ఒక గది ఇవ్వండి

గౌరవనీయులైన ముఖ్యమంత్రి గారికి, విద్య, పరిశ్రమలు, అటవీ శాఖల మంత్రులకు, తెలంగాణ విశ్వవిద్యాలయం ఉపకులపతి గారికి, నిజామాబాద్ జిల్లా కలెక్టర్ గారికి,

ఈ ఉత్తరం నాచు గురించి. పేరు చూసి పక్కన పెట్టకుండా చివరిదాకా చదవాలని వేడుకుంటున్నాను.

మాది ఇందల్వాయి. ముప్పై ఏళ్లు సర్కారు బడుల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. నాచు అంటే మనకు చెరువు నీళ్ల మీద తేలే పచ్చని పొర, బావి మెట్ల మీద కాలు జారించే పాకుడు గుర్తొస్తాయి. అవి శైవలాలు, వేరే జాతి. రెండింటినీ ఒకే పేరుతో పిలవడం అలవాటై, నేను చెప్పే మొక్కకు మన నోట్లో సొంత పేరు లేకుండా పోయింది. వానకాలంలో ఇటుక గోడ మీద, పాత గడీ రాళ్ల సందుల్లో, బోరింగు గద్దె చుట్టూ మఖమల్ పరిచినట్టు మొలుస్తుందే, అదీ నేను చెప్పే నాచు. చిన్న కాండం, చిన్న ఆకులు ఉంటాయి. నిజమైన వేరు ఉండదు. ఇంటర్ వృక్షశాస్త్రంలో ఫ్యునేరియా అని బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నవాళ్లు మీలోనూ ఉండే ఉంటారు.

ఒక సంగతి చెబుతాను. నేను పనిచేసిన ఒక బడిలో వెనక గోడకు ఏటా నాచు పట్టేది. మార్చి నెలలో అది ఎండి, గోధుమరంగు పొట్టులాగా రాలడానికి సిద్ధంగా ఉంది. బ్లేడుతో కొంచెం లేపి, గాజు గిన్నె లేదు కాబట్టి చాయ సాసర్‌లో పెట్టి తొమ్మిదో తరగతి పిల్లల ముందుంచాను. "సచ్చింది సార్ ఇది" అన్నాడు ముందు బెంచీ పిల్లవాడు. ఫిల్లరుతో నాలుగు చుక్కల నీళ్లు వేశాను. లోపలికి చుట్టుకుపోయిన ఆకులు ఒక్కొక్కటే విప్పుకున్నాయి. మేం చూస్తుండగానే గోధుమరంగు పోయి ఆకుపచ్చ తేలింది. "లేసింది సార్, లేసింది!" అని గదంతా అరుపులు. మన గోడల మీద మామూలుగా కనిపించే ఆ నాచు పేరు హయోఫిలా ఇన్వల్యూటా. ఇన్వల్యూటా అంటే లోపలికి చుట్టుకున్నది అనే. ఆ ఏడాది పిల్లలు గోడను గళ్లుగా సుద్దతో గీసి, ఏ గడిలో ఎంత నాచు పెరుగుతుందో వానకాలమంతా నోటు పుస్తకంలో రాసుకున్నారు. దసరా తర్వాత తనిఖీ ఉందని కబురొచ్చింది. రెండు రోజుల్లో గోడ గీకి సున్నం కొట్టారు. చేసినవాళ్లను తప్పుపట్టను. వాళ్ల కంటికి అది మురికి. ఆ మురికితో లోకంలో ఏం చేస్తున్నారో మీకు చెప్పాలనే ఈ ఉత్తరం.

జర్మనీలో ఫ్రైబుర్గ్ అనే ఊరుంది. జనాభాలో మన నిజామాబాద్ పట్టణం కంటే చిన్నది. పక్కనే అడవి, ఊళ్లో ఒక విశ్వవిద్యాలయం. అక్కడ రాల్ఫ్ రెస్కీ అనే శాస్త్రవేత్త బృందం ఫిస్కోమిట్రెల్లా అనే చిన్న నాచును పట్టుకుని దశాబ్దాలుగా పనిచేస్తోంది. ఈ నాచు సొంత ఇల్లు ఎక్కడో తెలిస్తే మీకూ ఆశ్చర్యమనిపిస్తుంది. చెరువుల్లో నీళ్లు వెనక్కి తగ్గాక బయటపడే ఒండ్రు మట్టి మీద మొలుస్తుంది. మన మాటలో చెప్పాలంటే శిఖం భూమి మొక్క. 1962లో హెరాల్డ్ వైట్‌హౌస్ అనే ఆయన ఇంగ్లండులోని గ్రాన్స్‌డెన్ అడవిలో దాన్ని సేకరించాడు. ఆ సేకరణలోని ఒకే ఒక్క సిద్ధబీజం నుంచి పెంచిన సంతతే ఇవాళ ప్రపంచంలోని ఎక్కువ ప్రయోగశాలల్లో ఉంది. 2008లో దాని జన్యుపటం మొత్తం చదివి ప్రచురించారు. నాచు జాతుల్లో అలా చదివిన మొదటిది ఇదే.

ఇంత చిన్న మొక్క మీద అంత పని ఎందుకంటే దానికి రెండు గుణాలున్నాయి. మనకు ప్రతి జన్యువూ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. ఒకదాన్ని మారిస్తే చాలాసార్లు రెండోది ఆ మార్పును కప్పేస్తుంది. పచ్చగా కనిపించే నాచు మొక్కలో ఒకే ప్రతి ఉంటుంది. మార్పు చేసిన వెంటనే బయటపడుతుంది. రెండో గుణాన్ని 1997లో స్విట్జర్లాండ్‌లోని లోసాన్‌లో షెఫర్, జ్రీడ్ నిరూపించారు. మామూలు మొక్కలోకి ఒక జన్యువును పంపితే అది ఎక్కడ పడితే అక్కడ కూర్చుంటుంది. ఈ నాచులో, రెండు పక్కలా చిరునామా సరిగ్గా రాసి పంపిన జన్యువు ఆ ఇంటికే వెళ్లి చేరుతుంది. పోస్టుమ్యాన్ ఉన్న ఊరికీ లేని ఊరికీ ఉన్నంత తేడా అది.

ఇక పెంపకం. కాల్షియం నైట్రేట్, పొటాషియం ఫాస్ఫేట్, మెగ్నీషియం సల్ఫేట్, కాస్త ఇనుము కలిపిన నీళ్లు చాలు. మా ఊరి ఎరువుల దుకాణంలో రైతులు గుర్తుపట్టే పేర్లే ఇవి. పైన వెలుతురు, లోపలికి గాలి. చక్కెర పోయనక్కర్లేదు. ఆవు దూడల రక్తం నుంచి తీసే సీరం అసలే అక్కర్లేదు. సిద్ధబీజం మొలిచినప్పుడు మొదట పచ్చని దారాలు వస్తాయి, వాటిని ప్రోటోనీమా అంటారు. ఆ దారాలను మిక్సీలాంటి యంత్రంలో వేసి ముక్కలు చేస్తారు. ప్రతి ముక్కా మళ్లీ కొత్త దారమై పెరుగుతుంది. గాజు సీసాలో మొదలైన సంతతిని వందల లీటర్ల పారదర్శకమైన సంచుల దాకా తీసుకెళ్లారు. మనకు కావాల్సిన ప్రొటీన్‌ను నాచు ఆ నీళ్లలోకే వదులుతుంది. మొక్కను నూరి పిండాల్సిన పనిలేదు, నీళ్లను వడకట్టి శుద్ధి చేసుకోవాలి.

బోధన్ చక్కెర తిన్న జిల్లాలో చక్కెర సంగతి మరికొంత చెప్పాలి. మందుగా వాడే ప్రొటీన్లలో చాలావాటి ఒంటికి చక్కెర గొలుసులు వేలాడుతుంటాయి. ప్రొటీన్ ఏ కణంలోకి వెళ్లాలో, రక్తంలో ఎంతసేపు నిలవాలో చాలామటుకు ఆ గొలుసులే తేలుస్తాయి. మొక్కలు తమ తీరులో జైలోజ్, ఫ్యూకోజ్ అనే చక్కెరలు తగిలిస్తాయి. మన ఒళ్లు వాటిని పరాయివిగా గుర్తించే ప్రమాదముంది. 2004లో ఫ్రైబుర్గ్ వాళ్లు ఆ రెండింటినీ తగిలించే జన్యువులను నాచులోంచి తీసేశారు. నాచు మాత్రం ఏమీ జరగనట్టే పచ్చగా పెరిగింది. మనిషి ఒంటికి పనికొచ్చే మందు ఒక నాచు మొక్కలో తయారవుతుందనే నమ్మకం అక్కడ గట్టిపడింది.

ఆ నమ్మకం మనుషుల దాకా వచ్చింది. ఫాబ్రీ అనే జబ్బుంది. ఆల్ఫా గెలాక్టోసిడేజ్ అనే ఎంజైమ్ ఒంట్లో తయారుకాక ఒకరకం కొవ్వు కణాల్లో పేరుకుపోతుంది. చిన్నప్పుడు అరచేతులు, అరికాళ్లు మండుతాయి. తర్వాత కిడ్నీలు, గుండె దెబ్బతింటాయి. రెండు వారాలకోసారి జీవితాంతం ఎంజైమ్ ఎక్కించుకోవాలి, దాని ధర సామాన్యుడి ఊహకు అందదు. 1999లో ఫ్రైబుర్గ్ విశ్వవిద్యాలయం నీడలో పుట్టిన గ్రీనోవేషన్ అనే కంపెనీ, ఇప్పుడు దాని పేరు ఎలెవా, ఈ ఎంజైమ్‌ను నాచులో తయారుచేసింది. ఆరుగురు రోగులకు ఒక్కో మోతాదు ఇచ్చి చూసిన మొదటి పరీక్ష ఫలితాలు 2019లో అచ్చయ్యాయి. భద్రత విషయంలో ఆ ఫలితాలు ధైర్యమిచ్చాయి. మొదటి దశ దాటినంత మాత్రాన మందు బజారుకు వచ్చినట్టు కాదని నాకు తెలుసు. అయినా నాచు నుంచి మనిషి నరంలోకి ఒక దారి పడిందన్నది నిజం.

మన దేశంలో 2021లో అరుదైన జబ్బుల జాతీయ విధానం వచ్చింది. ఒక్కో రోగికి 50 లక్షల రూపాయల దాకా సాయం అందుతుంది. ఫాబ్రీ ఆ జాబితాలో ఉంది. ఆ విధానం కింద హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ పరిశోధన సంస్థ, నిమ్స్ ఆసుపత్రి కలిసి ఒక ప్రత్యేక కేంద్రంగా పనిచేస్తున్నాయి. జీవితాంతం వాడాల్సిన మందుకు 50 లక్షలు ఎన్నాళ్లొస్తాయో ఆలోచించండి. సొమ్ము అయిపోయిన రోజున ఆ బిడ్డ తల్లికి డాక్టరు ఏం చెప్పాలి? సాయం పెంచాలని అడిగేవాళ్లు అడుగుతున్నారు, అడగాలి కూడా. మందును చవగ్గా తయారుచేసే దారి వెతకడం కూడా ప్రభుత్వం పనేనని నా మనవి.

ఫ్రైబుర్గ్‌లో ఆ కంపెనీ పుట్టిన 1999లోనే మన హైదరాబాద్ జినోమ్ వ్యాలీ కూడా మొదలైంది. అక్కడి టీకాలు ప్రపంచమంతా వెళ్లాయి, ఆ పేరు వింటే నాకూ గర్వమే. జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ 1977 నుంచి ఉంది. ఆ తెలివి, ఆ చేతులు హైదరాబాద్ చుట్టుపక్కలే ఆగిపోయాయన్నదే నా బాధ. నాచు పని పెద్ద ఊరు కోరదు. ఇందల్వాయికి పక్కనే డిచ్‌పల్లిలో తెలంగాణ విశ్వవిద్యాలయం ఉంది. 2006లో స్థాపించారు. వృక్షశాస్త్రం ఉంది, బయోటెక్నాలజీ ఉంది. నేను చదువు చెప్పిన పిల్లలు కొందరు అక్కడ ఎమ్మెస్సీ చేశారు. సర్టిఫికెట్ చేతికొచ్చాక వాళ్లకున్న దారి జాతీయ రహదారి ఎక్కి హైదరాబాద్ బస్సు పట్టుకోవడమే.

డిచ్‌పల్లిని ఊరికే ఎంచుకోలేదు. ఆ ఊరికి మొక్క మందుల పనిలో వందేళ్ల చరిత్ర ఉంది. ఇసబెల్ కెర్ అనే స్కాట్లాండ్ డాక్టరమ్మ కుష్ఠు రోగుల కోసం అక్కడ దవాఖానా పెట్టించింది. నర్సాగౌడ్ గారు విరాళమిచ్చారు, 1915లో తలుపులు తెరిచారు. రోగిని ఊరి బయటికి తరిమే రోజులవి. అక్కడ ఇచ్చిన మందు ఏమిటి? చాల్మోగ్రా నూనె, మన అడవి బాదం జాతి చెట్ల గింజల నుంచి తీసేది. సూదితో ఎక్కించేవాళ్లు. తర్వాతి కాలంలో మంచి మాత్రలు వచ్చి దాన్ని పక్కకు నెట్టాయి, నెట్టాల్సిందే. కానీ లోకం చెయ్యి తాకని మనుషులకు ఒక మొక్క మందుతో వైద్యం చేసిన నేల అది. అలాంటి చోట మొక్కతో మందు చేసే విద్య నేర్పుతామంటే కొత్తగా అనిపించాల్సిన పని లేదు.

నేను అడిగేది ఒక గది. తెలంగాణ విశ్వవిద్యాలయంలో నాచు పెంపకానికి ఒక చల్లని గది, 23 నుంచి 25 డిగ్రీల మధ్య నిలకడగా ఉండేది. పదహారు గంటలు వెలిగి ఎనిమిది గంటలు ఆరే దీపాలు, ఆటోక్లేవ్, దుమ్ము చొరబడని బల్ల, సీసాలు. మా ఎండాకాలం 45 డిగ్రీలు దాటుతుంది కాబట్టి కరెంటు పోయినా నడిచేలా జనరేటర్ ఉండాలి. ఒక్క మే నెల రాత్రి చాలు, మూడేళ్ల సంతతి చావడానికి. దాన్ని చూసుకునేందుకు పర్మినెంటు ఉద్యోగంలో ఇద్దరు ఉండాలి. కాంట్రాక్టు అయిపోయిందని మనిషి వెళ్లిపోతే సీసాలు ఫంగస్ పట్టి పారబోసుకోవాల్సి వస్తుంది. ఈ వాక్యాన్ని దయచేసి రెండోసారి చదవండి. యంత్రాలు కొని మనుషుల్ని మరిచిన గదులను నా సర్వీసులో చాలా చూశాను.

జన్యువులు మార్చే పని అంటే జనానికి భయముంటుంది, ఉండాలి కూడా. దానికి మన దేశంలో 1989 నుంచి నియమాలున్నాయి, ఏ సంస్థలో పనిచేసినా బయోసేఫ్టీ కమిటీ ఉండాలి. నాచు పని మూసిన పాత్రలో జరుగుతుంది, పొలంలోకి వెళ్లదు. అయినా మొదటి రెండేళ్లు జన్యువుల జోలికి పోనక్కర్లేదు. శుద్ధంగా పెంచడం, దారం నుంచి మొక్కకు తీసుకురావడం, మన జాతుల్లో ఏది సీసాలో బతుకుతుందో చూడడం, ఇవి చేతికి పట్టుబడితే చాలు. తర్వాతి పనికి సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ పెద్దలు నెలకోసారి వచ్చి కూర్చున్నా మా పిల్లలు అందుకుంటారు. కేంద్రం 2024 ఆగస్టులో జీవసాంకేతిక తయారీ కోసం బయోఈ3 విధానాన్ని ఆమోదించింది. ఆ దారిలో డిచ్‌పల్లి పేరుతో ఒక దరఖాస్తు వెళ్లాలంటే సంతకం మీలో ఒకరిదే కావాలి.

ఉద్యోగాలు వేలల్లో వస్తాయని నేను చెప్పను. అలాంటి మాటలు ఈ జిల్లా చాలా విన్నది. 1937లో బోధన్‌లో పుట్టి, ఆసియాలోనే పెద్దదని పేరు మోసిన నిజాం షుగర్స్, శక్కర్‌నగర్ సైరన్, చెరకు బండ్ల వరుసలు చూసి పెరిగినవాళ్లం. 2015 డిసెంబరులో ఆ గేటు మూతపడింది. తెరుస్తామన్న మాట ఎన్ని ఎన్నికల్లో విన్నామో మీకూ గుర్తే. ఆ మూసిన గేటు ముందు నిలబడి ఒక్క గది అడగడం చిన్న కోరికలా కనిపిస్తుంది. చిన్నది కాబట్టే ఇవ్వగలరని, ఇచ్చాక నిలపగలరని అడుగుతున్నాను.

రెండో మనవి గాలి గురించి. దీనికి ఆ గది పూర్తయ్యేదాకా ఆగనక్కర్లేదు.

మా ఊరి దగ్గర జాతీయ రహదారి 44 మీద టోల్ ప్లాజా ఉంది. నాగపూర్ వైపు నుంచి, హైదరాబాద్ వైపు నుంచి రాత్రీ పగలూ లారీలే. ప్రతి లారీ అక్కడ బ్రేకు కొడుతుంది, మళ్లీ ఎత్తుకుంటుంది. బ్రేకు అరుగుదలలో రాగి, ఆంటిమొని ఉంటాయి, టైరు అరుగుదలలో జింకు ఉంటుంది. అది దుమ్మై మా వరి మీద, పిల్లల ఊపిరిలో పడుతోంది. ఎంత పడుతోందో కొలవాలంటే ఖరీదైన యంత్రాలు కావాలని అంటారు. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో మన రాష్ట్రం నుంచి హైదరాబాద్, నల్గొండ, పటాన్‌చెరు వంటివి ఉన్నాయి. మా జిల్లా అందులో లేదు.

ఈ కొలత నాచు చేస్తుంది. దానికి వేరు లేదు, ఆకు మీద మైనం పొర లేదు, ఆకు చాలావరకు ఒకే కణం మందం. తిండీ నీళ్లూ గాలి నుంచి, వాన నుంచే తీసుకుంటుంది కాబట్టి గాలిలో ఉన్న లోహం దాని ఒంట్లో చేరి ఉండిపోతుంది. 1960ల చివర్లో స్వీడన్ శాస్త్రవేత్తలు దీన్ని కనిపెట్టారు. 1990 నుంచి యూరప్ దేశాలు ఐదేళ్లకోసారి నాచు ఏరి లోహాల పటం గీసుకుంటున్నాయి. మన దేశంలో నైనితాల్ వంటి కొండ పట్టణాల్లోనూ ఇలా కొలిచారు. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో జరిగినది మీకు ప్రత్యేకంగా చెప్పాలి. అక్కడి అటవీ శాఖ పరిశోధకులు ఊళ్లోని చెట్ల మీంచి 346 నాచు నమూనాలు తీశారు. రెండు రంగు గాజు తయారీ కేంద్రాల చుట్టూ కాడ్మియం పేరుకుందని ఆ నాచు చూపించింది. సర్కారు యంత్రాలు ఏళ్ల తరబడి పట్టుకోలేని చోటు అది. 2016లో సంగతి బయటికొచ్చాక ఆ కేంద్రాలు కాడ్మియం వాడకం ఆపాయి, రాష్ట్రం నిబంధనలు మార్చుకుంది.

మా దగ్గర ఎండాకాలం నాచు బతకదు కదా అని మీ అధికారులు అడగవచ్చు. బతకనక్కర్లేదు. శుభ్రంగా కడిగి ఎండబెట్టిన నాచును నైలాన్ వల సంచిలో పోసి స్తంభానికి వేలాడదీస్తే, ప్రాణం లేకున్నా దుమ్మును పట్టుకుంటుంది. యూరప్‌లో మాస్‌క్లోన్ అనే పథకం కింద ప్రయోగశాలలో పెంచిన ఒకే సంతతి నాచుతో ఇలాంటి సంచులు తయారుచేశారు. అన్ని సంచుల్లో ఒకే నాచు ఉంటే కొలతలు పోల్చడానికి వీలవుతుంది. నేను అడిగిన గది ఇక్కడ మళ్లీ అక్కరకొస్తుంది, సంచులు నింపే నాచు అందులోంచే రావచ్చు, అడవిని గీకాల్సిన అవసరం రాదు.

టోల్ ప్లాజా దగ్గర, బడి దగ్గర, ఇందల్వాయి రైల్వే స్టేషన్ దగ్గర, డిచ్‌పల్లి కూడలిలో, నిజామాబాద్ పసుపు యార్డులో, బోధన్ రైసు మిల్లుల దగ్గర సంచులు కడదాం. లారీ శబ్దం వినపడని సిర్నాపల్లి అడవిలో కూడా కొన్ని కడితే పోల్చి చూడడానికి ఉంటాయి. ఆరు వారాలకు దించి హైదరాబాద్‌లో ఎన్‌జీఆర్‌ఐ లాంటి పరిశోధన సంస్థలో లోహాలు చూపిద్దాం. కట్టడం, దించడం, తేదీ రాయడం పదో తరగతి పిల్లలు చేయగలరు. నేను దగ్గరుండి చూసుకుంటాను, జీతం అక్కర్లేదు. కాలుష్య నియంత్రణ మండలి పరీక్షల ఖర్చు పెట్టుకుని, వచ్చిన అంకెలను దాచకుండా పంచాయతీ గోడ మీద తెలుగులో అంటించాలి.

అటవీ శాఖ వారితో చివరి మాట. వానలు పడ్డాక సిర్నాపల్లి జలపాతం రాళ్ల మీద, జానకీబాయి గడీ గోడల మీద ఎన్ని రకాల నాచు ఉందో నా కళ్లతో చూశాను, పేర్లు పెట్టడం నా చదువుకు మించిన పని. టేకు చెట్టుకు నంబరు వేస్తారు, నాచుకూ ఒక పేజీ ఇవ్వండి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి ఊరికీ ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. మా రిజిస్టరులో నాచు జాతులు కూడా ఎక్కేలా ఒక వృక్షశాస్త్రవేత్తను వానకాలంలో పది రోజులు పంపండి. ఉత్తరాఖండ్ అటవీ శాఖ 2020లో నైనితాల్ దగ్గర ఖుర్పాతాల్‌లో నాచు తోటే తెరిచింది. వాళ్లకు హిమాలయం ఉంది, నిజమే. మాకున్నది ఎండిపోయి, నాలుగు చుక్కలు పడితే లేచి కూర్చునే రకం. మందులకైనా, కరువును తట్టుకునే పంటల పరిశోధనకైనా ఆ లేచే గుణం ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోవడం విలువైన పనే.

పసుపు బోర్డు కోసం ఈ జిల్లా రైతులు 2019లో పార్లమెంటు ఎన్నికల బరిలో 170 మందికి పైగా నిలబడ్డారు. బోర్డు 2025 జనవరిలో వచ్చింది. నాచు కోసం ఎవరూ నామినేషన్ వేయరు. దానికి రైతు లేడు, వ్యాపారి లేడు, ఓటు లేదు. అందుకే దాని తరఫున ఒక మాజీ టీచరు ఉత్తరం రాయాల్సి వచ్చింది.

మృగశిర కార్తె దాటి రెండు మంచి వానలు పడితే మా ఇంటి వెనక గోడ పచ్చబడుతుంది. దాన్ని నేను గీకనివ్వను, సున్నం కొట్టనివ్వను. మీలో ఎవరు ఎప్పుడు వచ్చినా చాయ సాసరూ, ఫిల్లరూ సిద్ధంగా ఉంటాయి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ జీవశాస్త్ర ఉపాధ్యాయుడు,
ఇందల్వాయి, నిజామాబాద్ జిల్లా